ఎల్.వి.ప్రసాద్

ఎల్.వి.ప్రసాద్‌గా ప్రసిద్ధుడైన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు (జనవరి 17, 1908 - జూన్ 22, 1994) తెలుగు సినిమా దర్శకుడు, నిర్మాత, నటుడు, ప్రసాద్ స్టూడియో వ్యవస్థాపకుడు. తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటిలోనూ చిత్రాలకు దర్శకత్వం వహించాడు. హిందీ, తమిళ, తెలుగు భాషలలో వచ్చిన తొలి టాకీలు ఆలం ఆరా, కాళిదాస్, భక్త ప్రహ్లాద మూడింటిలోనూ నటించిన అరుదైన వ్యక్తి. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని అందుకున్నాడు. ఇంతటి ప్రఖ్యాతి గాంచిన ఈ దర్శకుడు సినిమా రంగంలో అడుగుపెట్టింది మాత్రం బొంబాయిలోని ఒక చిత్ర నిర్మాణ సంస్థలో చిల్లర పనులు చేసిపెట్టే కుర్రవాడిగా. ఆ పని నుండి దర్శకుడి స్థానానికి చేరడానికి ఆయనకు దాదాపు 16 సంవత్సరాలు పట్టింది.

బాల్యము, కుటుంబము

ప్రసాద్ 1908 జనవరి 17న ఏలూరు సమీపంలోని సోమవరప్పాడు గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. ఈ గ్రామం 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలో, దెందులూరు మండలంలో ఉంది. తండ్రి అక్కినేని శ్రీరాములు, తల్లి బసవమ్మ. ఇంట్లో గారాబంగా పెరిగిన ప్రసాద్ చురుకైనవాడే గాని చదువు మీద మనసు నిలుపలేదు. ఊరికి వచ్చే నాటక సమాజాలు, భజన బృందాలు, డేరాలలో ప్రదర్శించే మూకీ చిత్రాలు అతడిని ఆకర్షించాయి. ఊళ్ళో ఆడే నాటకాలలో చిన్న చిన్న వేషాలు వేయడం ఆ వయసులోనే మొదలయింది.

పదిహేడేళ్ళ ప్రాయంలో మేనమామ కుమార్తె సౌందర్య మనోహరమ్మతో వివాహం జరిగింది. కొద్దికాలానికే తండ్రి అప్పులపాలై దివాలా తీశాడు. పరువుగా బ్రతికిన రైతు కుటుంబానికి ఇది పెద్ద దెబ్బ. చదువు పూర్తికాలేదు, ఆధారపడదగిన ఆస్తి లేదు, కట్టుకున్న భార్యను పోషించవలసిన బాధ్యత ఉంది. నటన తప్ప తనకు మరొక విద్య లేదని గ్రహించిన ప్రసాద్, 1930లో ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నూరు రూపాయలతో బొంబాయికి ప్రయాణమయ్యాడు.

బొంబాయి ఎందుకు?

తెలుగు యువకుడు సినిమా కోసం మద్రాసుకు కాక బొంబాయికి వెళ్ళడం నేటి పాఠకులకు వింతగా తోచవచ్చు. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు రఘుపతి ప్రకాష్ మద్రాసులో మూకీ చిత్రాలు నిర్మించినా, 1930 నాటికి దేశంలో చిత్ర నిర్మాణానికి ప్రధాన కేంద్రం బొంబాయి. స్టూడియోలు, కెమెరాలు, లాబొరేటరీలు, పెట్టుబడి పెట్టే వ్యాపారులు అక్కడే ఎక్కువగా ఉండేవారు. మద్రాసులో శబ్దచిత్రాలు తీయగల తొలి స్టూడియో 1934లో గాని ఏర్పడలేదు. అందువలన తొలి తెలుగు టాకీలు బొంబాయి, కలకత్తా వంటి నగరాలలోనే తయారయ్యాయి.

మరొక కారణం కూడా ఉంది. మూకీ చిత్రాలలో మాటలు లేవు కనుక నటుడికి భాష అడ్డంకి కాదు. ఏ ప్రాంతం నుండి వచ్చినవాడైనా ముఖకవళికలతో, అభినయంతో నెగ్గుకురావచ్చును. హిందీ రాని ఒక తెలుగు యువకుడు బొంబాయిలో నటుడు కావాలని ఆశించడానికి అవకాశం ఇచ్చిన పరిస్థితి ఇదే. ఆ మరుసటి సంవత్సరమే టాకీలు వచ్చి ఈ పరిస్థితి పూర్తిగా మారిపోయింది.

వీనస్ ఫిల్మ్ కంపెనీలో

బొంబాయి చేరిన ప్రసాద్‌కు నటుడిగా అవకాశం వెంటనే దొరకలేదు. చివరకు వీనస్ ఫిల్మ్ కంపెనీలో చెప్పిన పనల్లా చేసే కుర్రవాడిగా ఉద్యోగం దొరికింది. చిత్ర పరిశ్రమలో ఇది అన్నిటికంటే క్రింది మెట్టు. ఇటువంటి ఉద్యోగికి నిర్దిష్టమైన పని అంటూ ఉండదు. ఒకచోట నుండి మరొక చోటికి కబురు చేరవేయడం, నటీనటులను పిలుచుకురావడం, దుస్తులు, సామాగ్రి మోయడం, ఫలహారాలు తెచ్చిపెట్టడం వంటివన్నీ అతని మీదే పడతాయి. పేరు తెరమీద కనిపించదు. జీతం స్వల్పం. పని వేళలకు పరిమితి లేదు.

అయితే ఈ పనిలో ఇతరులకు లేని ఒక సౌలభ్యం ఉంది. ఛాయాగ్రాహకుడు తన కెమెరాను, దర్జీ తన దుస్తులను, నటుడు తన పాత్రను మాత్రమే చూసుకుంటారు. అన్ని శాఖల మధ్య తిరిగే కుర్రవాడు అన్నిటినీ చూస్తాడు. సినిమా శిక్షణకు కళాశాలలు లేని ఆ కాలంలో పని నేర్చుకునేందుకు స్టూడియో ఆవరణయే పాఠశాల. తరువాతి కాలంలో ప్రసాద్ నటన, దర్శకత్వం, నిర్మాణం, స్టూడియో, లాబొరేటరీ నిర్వహణ ఇలా సినిమాకు సంబంధించిన దాదాపు ప్రతి శాఖలోనూ చేయి పెట్టడానికి ఈ తొలి అనుభవం పునాది అయింది.

వీనస్ కంపెనీ తరువాత ఇండియా పిక్చర్స్ సంస్థలో చేరాడు. అక్కడ అక్తర్ నవాజ్ అతనికి స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే మూకీ చిత్రంలో చిన్న వేషం ఇచ్చాడు. కెమెరా ముందు ప్రసాద్ నిలబడడం అదే మొదలు.

మూడు తొలి టాకీలు

అర్దేషిర్ ఇరానీ నిర్మించి దర్శకత్వం వహించిన ఆలం ఆరా 1931 మార్చి 14న బొంబాయిలోని మెజెస్టిక్ థియేటరులో విడుదలయింది. ఇది భారతదేశపు తొలి టాకీ. ఇందులో ప్రసాద్ ఒక చిన్న పాత్ర పోషించాడు. ఈ విధంగా ఆయనకు ఇరానీ నడిపిన ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీతో, అక్కడ పనిచేస్తున్న తెలుగువాడైన హెచ్.ఎం.రెడ్డితో సాన్నిహిత్యం ఏర్పడింది.

హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో 1931 అక్టోబరు 31న విడుదలైన కాళిదాస్ తమిళంలో తొలి టాకీగా పేరు పొందింది. తమిళంతో పాటు తెలుగు సంభాషణలు కూడా ఉన్న ఈ చిత్రంలో ప్రసాద్ పూజారిగా హాస్య పాత్ర ధరించాడు. ఆ తరువాత రెడ్డి దర్శకత్వంలోనే పూర్తి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద తయారయింది. సురభి నాటక కళాకారులతో బొంబాయిలో నిర్మించిన ఈ చిత్రం 1932 ఫిబ్రవరి 6న అక్కడి కృష్ణా థియేటరులో విడుదలయింది. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడిగా, సురభి కమలాబాయి లీలావతిగా నటించిన ఈ చిత్రంలో ప్రసాద్ చండామార్కుల శిష్యులలో మొద్దబ్బాయి వేషం వేశాడు.

మూడు భాషల తొలి టాకీలలో నటించిన ఘనత ఈ విధంగా ఆయనకు దక్కింది. కాని ఆనాడు అవి కేవలం పొట్ట గడవడానికి వేసిన చిన్న వేషాలు మాత్రమే. వాటి వలన పేరు గాని ధనం గాని రాలేదు. ఆ చిత్రాల చారిత్రక ప్రాముఖ్యం పెరిగిన కొద్దీ ఆ వేషాల విలువ కూడా పెరిగింది.

సహాయ దర్శకుడిగా

కొంత నిలదొక్కుకున్న తరువాత ప్రసాద్ స్వగ్రామానికి వెళ్ళి భార్య మనోహరమ్మను బొంబాయికి తీసుకువచ్చాడు. చాలీచాలని ఆదాయంతో మహానగరంలో సంసారం సాగింది. వేషాలు లేనప్పుడు సినిమా హాలులో గేటు కీపరుగా కూడా పనిచేశాడు.

ఆ రోజులలో కమర్-అల్-జమాన్ అనే హిందీ చిత్రానికి సహాయ దర్శకుడిగా పనిచేసే అవకాశం వచ్చింది. అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు అన్న పొడవాటి పేరును ఒక గుమాస్తా ఎల్.వి.ప్రసాద్ అని కుదించి వ్రాసుకోగా ఆ పేరే స్థిరపడిపోయింది. ఇంటి పేరు సైతం తొలగిపోయిన ఈ పొట్టి పేరుతోనే ఆయన దేశమంతటా తెలిశాడు.

సహాయ దర్శకుడి ఉద్యోగం క్రింది మెట్టుకు, పై మెట్టుకు నడుమ వంతెన వంటిది. దృశ్యాల క్రమం వ్రాసిపెట్టుకోవడం, నటులకు సంభాషణలు వల్లెవేయించడం, దర్శకుడు కోరిన సామాగ్రిని సమకూర్చడం అతని బాధ్యతలు. ప్రసాద్ ఈ ఉద్యోగంలో ఎన్నో ఏళ్ళు గడిపాడు. నడుమ కష్టజీవి అనే తెలుగు చిత్రానికి దర్శకత్వం వహించే అవకాశం వచ్చినా, మూడు రీళ్ళ చిత్రీకరణ జరిగిన తరువాత అది ఆగిపోయింది. చేతికందిన అవకాశం జారిపోవడంతో తిరిగి బొంబాయికి చేరి సహాయకుడి పనే చేయవలసివచ్చింది. ఈ కాలంలోనే ప్రసిద్ధ నటుడు పృథ్వీరాజ్ కపూర్‌తో పరిచయం కలిగింది. ఆయన నాటక బృందంతో ఏర్పడిన అనుబంధం ప్రసాద్ నటనాభిలాషను కొంతవరకు తీర్చింది.

దర్శకుడిగా తొలి చిత్రాలు

1940ల తొలి సంవత్సరాలలో గృహప్రవేశం చిత్రానికి సహాయ దర్శకుడిగా ప్రసాద్‌కు పిలుపు వచ్చింది. త్రిపురనేని గోపీచంద్ కథ సమకూర్చిన ఈ చిత్రానికి పరిస్థితులు మారి ఆయనే దర్శకుడయ్యాడు. కథానాయకుడి పాత్ర కూడా ఆయననే వరించింది. భానుమతి కథానాయికగా నటించిన గృహప్రవేశం 1946లో విడుదలై విజయం సాధించింది. అప్పటికి ప్రసాద్ వయసు 38 సంవత్సరాలు.

అదే కాలంలో మాలపిల్ల, రైతుబిడ్డ చిత్రాల దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం పల్నాటి యుద్ధం తీస్తూ అనారోగ్యం పాలయ్యాడు. 1946లో రామబ్రహ్మం మరణించగా మిగిలిన చిత్రాన్ని ప్రసాద్ పూర్తిచేశాడు. ఈ చిత్రం 1947లో విడుదలయింది. మరొకరు మొదలుపెట్టిన పనిని వారి ధోరణి చెడకుండా ముగించడం తేలిక కాదు. సహాయకుడిగా ఇతరుల ఆలోచనలకు రూపం ఇవ్వడంలో గడచిన సంవత్సరాలు ఇక్కడ ఉపయోగపడ్డాయి. 1948లో ద్రోహి చిత్రానికి దర్శకత్వం వహించాడు.

1949లో విడుదలైన మనదేశం ఆయన దర్శకత్వంలో వచ్చిన ముఖ్యమైన చిత్రం. కృష్ణవేణి నిర్మించిన ఈ చిత్రానికి శరత్‌చంద్ర చటర్జీ నవల విప్రదాస్ ఆధారం. నందమూరి తారక రామారావు ఇందులో పోలీసు ఇన్‌స్పెక్టరుగా చిన్న పాత్ర ద్వారా సినిమా రంగానికి పరిచయమయ్యాడు. ఒకప్పుడు చిన్న వేషం కోసం కంపెనీల గుమ్మాలెక్కిన వ్యక్తి చేతి మీదుగా తెలుగువారి అభిమాన నటుడి ప్రస్థానం చిన్న వేషంతోనే ఆరంభమయింది.

విజయా సంస్థ, కుటుంబ కథాచిత్రాలు

నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన విజయా ప్రొడక్షన్స్ తొలి చిత్రం షావుకారు (1950)కు ప్రసాద్ దర్శకుడు. శంకరమంచి జానకి ఈ చిత్రం ద్వారా కథానాయికగా పరిచయమై షావుకారు జానకిగా పేరు పొందింది. పల్లెటూరిలో ఇరుగుపొరుగు కుటుంబాల మధ్య డబ్బు తెచ్చిన కలతలు ఈ చిత్ర ఇతివృత్తం. అదే సంవత్సరం ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు కలిసి నటించిన సంసారం ఆయన దర్శకత్వంలో విడుదలై ఘనవిజయం సాధించింది.

సంసారంలో ఒక ముఖ్య పాత్రకు మొదట ఎంపికైన సావిత్రికి ఆ పాత్ర చేజారి చిన్న వేషంతో సరిపెట్టుకోవలసివచ్చింది. రెండేళ్ళ తరువాత పెళ్ళిచేసిచూడు (1952)లో, ఆపై మిస్సమ్మ (1955)లో ఆమెకు అదే దర్శకుడి వద్ద మంచి పాత్రలు లభించాయి. మిస్సమ్మలో మొదట భానుమతి చేయవలసిన నాయిక పాత్ర సావిత్రికి రావడంతో ఆమె అగ్రశ్రేణి నటిగా స్థిరపడింది.

పెళ్ళిచేసిచూడు వరకట్న దురాచారాన్ని, అప్పుచేసి పప్పుకూడు (1959) అప్పులు చేసి ఆడంబరంగా బ్రతికే తీరును హాస్యంతో విమర్శించాయి. మిస్సమ్మ ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించిన ఇద్దరు నిరుద్యోగుల కథ. డబ్బు, అప్పు, నిరుద్యోగం, పరువు ఈ చిత్రాలన్నిటిలోనూ తరచుగా కనిపించే విషయాలు. తండ్రి దివాలాను, బొంబాయిలో ఉపాధి వేటను స్వయంగా అనుభవించిన దర్శకుడికి ఇవి అపరిచితమైనవి కావు. అయినా ఆ చిత్రాలలో చేదు కనిపించదు. సున్నితమైన హాస్యం, మనుషుల బలహీనతల పట్ల సానుభూతి వాటి లక్షణాలు.

నటుల చేత పని చేయించుకోవడంలో ప్రసాద్‌కు ప్రత్యేకమైన పద్ధతి ఉండేది. స్త్రీ పాత్ర అయినా పురుష పాత్ర అయినా తాను స్వయంగా నటించి చూపించేవాడు. స్వయంగా చిన్న వేషాలు వేసినవాడు కనుక ఒకటి రెండు దృశ్యాలలో కనిపించే పాత్రలను కూడా ఆయన నిర్లక్ష్యం చేయలేదు.

తమిళంలో శివాజీ గణేశన్ నటించిన మనోహర (1954), మిస్సమ్మకు తమిళ రూపమైన మిస్సియమ్మ (1955), మంగయర్ తిలకం (1955), ఇరువర్ ఉళ్ళం (1963) మొదలైన చిత్రాలకు దర్శకత్వం వహించాడు. మిస్సమ్మను హిందీలో మిస్ మేరీ (1957)గా ఆయనే రూపొందించాడు.

నిర్మాతగా

1956లో ప్రసాద్ ప్రొడక్షన్స్ సంస్థను స్థాపించి హిందీ చిత్రాల నిర్మాణం చేపట్టాడు. ఆయన దర్శకత్వం వహించిన శారద (1957)లో రాజ్ కపూర్, మీనాకుమారి నటించారు. రాజ్ కపూర్ ఒకప్పుడు ప్రసాద్‌ను ఆదరించిన పృథ్వీరాజ్ కపూర్ కుమారుడు. చిన్న ఉద్యోగిగా గడిపిన బొంబాయి చిత్రసీమకు ఈసారి ప్రసాద్ నిర్మాత, దర్శకుడి హోదాలో తిరిగివెళ్ళాడు.

దక్షిణాది కథలను హిందీ ప్రేక్షకులకు అందించడం ఈ సంస్థ ప్రత్యేకత. తెలుగు చిత్రం ఇల్లరికం హిందీలో ససురాల్ (1961)గా, మూగమనసులు మిలన్ (1967)గా, పునర్జన్మ ఖిలోనా (1970)గా, మరోచరిత్ర ఏక్ దూజే కే లియే (1981)గా వచ్చాయి. వీటిలో ఖిలోనాకు ఉత్తమ చిత్రంగా ఫిలింఫేర్ పురస్కారం లభించింది. అన్నిటికీ తానే దర్శకత్వం వహించక టి.ప్రకాశరావు, ఆదుర్తి సుబ్బారావు, కె.బాలచందర్ వంటి దర్శకులకు అవకాశం కల్పించాడు. ఛోటీ బహెన్ (1959), దాదీమా (1966), జీనే కీ రాహ్ (1969), బిదాయీ (1974) ఆయన స్వయంగా దర్శకత్వం వహించిన హిందీ చిత్రాలలో కొన్ని.

స్టూడియో, లాబొరేటరీ

చిత్రాలు తీయడంతో ఆగక, ఇతరులు చిత్రాలు తీసుకోవడానికి అవసరమైన వసతులను కూడా ప్రసాద్ సమకూర్చాడు. మద్రాసులోని సాలిగ్రామంలో ఏర్పడిన ప్రసాద్ స్టూడియో దక్షిణాది చిత్ర నిర్మాణానికి ముఖ్య కేంద్రాలలో ఒకటయింది. 1976లో ప్రసాద్ ఫిల్మ్ లాబొరేటరీస్ ప్రారంభమయింది. చిత్రీకరించిన ఫిలింను కడిగి, ప్రింట్లు తీసే ఈ పనిలో ఏ మాత్రం పొరపాటు జరిగినా ఎందరో చేసిన శ్రమ వృథా అవుతుంది. అందువలన నిర్మాతలు నమ్మకమైన లాబొరేటరీకే తమ నెగటివ్‌లను అప్పగించేవారు. ప్రసాద్ లాబొరేటరీ ఆ నమ్మకాన్ని సంపాదించింది. ఆయన కుమారుడు రమేష్ ప్రసాద్ ఈ సంస్థల విస్తరణలో ముఖ్య పాత్ర వహించాడు. తరువాతి కాలంలో ఈ సంస్థ పాత చిత్రాలను డిజిటల్ పద్ధతిలో పునరుద్ధరించే పని కూడా చేపట్టింది.

తిరిగి నటుడిగా

చాలాకాలం తరువాత 1981లో ప్రసాద్ మరల ముఖ్య పాత్రలో తెరమీద కనిపించాడు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో కమల్ హాసన్ నటించి నిర్మించిన తమిళ చిత్రం రాజపార్వైలో కథానాయిక మాధవికి తాతగా నటించాడు. తెలుగులో ఇది అమావాస్య చంద్రుడుగా వచ్చింది. చూపులేని వాయులీన విద్వాంసుని ప్రేమకథ అయిన ఈ చిత్రంలో, మనవరాలి మనసును అర్థం చేసుకుని ప్రేమికులకు అండగా నిలిచే వృద్ధుడి పాత్రను ఆయన హాయిగా పోషించాడు. అప్పటికి ఆయన వయసు 73 సంవత్సరాలు.

కంటి ఆసుపత్రి

అమెరికాలో పనిచేస్తున్న నేత్రవైద్యుడు డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్వదేశంలో ఉన్నత ప్రమాణాలతో కంటి వైద్యశాల నెలకొల్పాలని సంకల్పించాడు. ఆ ప్రయత్నానికి ప్రసాద్ హైదరాబాదులోని బంజారా హిల్స్‌లో అయిదెకరాల స్థలాన్ని, కోటి రూపాయల విరాళాన్ని ఇచ్చాడు. 1987లో ప్రారంభమైన ఈ సంస్థకు ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞాన సంస్థ అని ఆయన పేరు పెట్టారు. చికిత్సతో పాటు పరిశోధన, వైద్యుల శిక్షణ, గ్రామాలలో కంటి సంరక్షణ కేంద్రాల నిర్వహణ ఈ సంస్థ చేపట్టిన కార్యక్రమాలు. డబ్బు చెల్లించలేని పేదలకు ఇక్కడ ఉచితంగా చికిత్స చేస్తారు. సినిమాలు చూడని వారికి కూడా ఈ ఆసుపత్రి ద్వారా ప్రసాద్ పేరు పరిచితమయింది.

పురస్కారాలు

* 1980 - ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నుండి రఘుపతి వెంకయ్య పురస్కారం. ఈ పురస్కారం అందుకున్న తొలి వ్యక్తి ప్రసాద్.
* 1982 - దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం.
* 2006 - భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మరణము, తదనంతర గుర్తింపు

ప్రసాద్ 1994 జూన్ 22న 86 ఏళ్ళ వయసులో మరణించాడు. 2003లో ఆయన కుటుంబ సంస్థ హైదరాబాదులో హుస్సేన్ సాగర్ సమీపాన ప్రసాద్స్ ఐమాక్స్ థియేటరును ప్రారంభించింది. చెన్నైలో ఆయన పేరుతో చలనచిత్ర, టెలివిజన్ శిక్షణ సంస్థ ఏర్పడింది. దర్శకత్వం, ఛాయాగ్రహణం, కూర్పు వంటి విద్యలను అక్కడ పాఠ్యప్రణాళిక ప్రకారం నేర్పుతారు. ప్రసాద్ వీటిని సామాను మోస్తూ, కబుర్లు చేరవేస్తూ, ఇతరుల పని గమనిస్తూ నేర్చుకున్నాడు.

దర్శకత్వం వహించిన ముఖ్యమైన చిత్రాలు

తెలుగు
* గృహప్రవేశం (1946)
* పల్నాటి యుద్ధం (1947) - గూడవల్లి రామబ్రహ్మం అనంతరం పూర్తిచేశాడు
* ద్రోహి (1948)
* మనదేశం (1949)
* షావుకారు (1950)
* సంసారం (1950)
* పెళ్ళిచేసిచూడు (1952)
* మిస్సమ్మ (1955)
* అప్పుచేసి పప్పుకూడు (1959)

తమిళం
* మనోహర (1954)
* మిస్సియమ్మ (1955)
* మంగయర్ తిలకం (1955)
* ఇరువర్ ఉళ్ళం (1963)

హిందీ
* శారద (1957)
* మిస్ మేరీ (1957)
* ఛోటీ బహెన్ (1959)
* దాదీమా (1966)
* జీనే కీ రాహ్ (1969)
* బిదాయీ (1974)